బాలల ఆలోచన: వయస్సా, పరిస్థితులా?

బాలల ఆలోచన ఎట్లా పెరుగుతుంది? ఉపాధ్యాయ శిక్షణలో ఈ ప్రశ్న రాగానే ముందు వినిపించే పేరు జాఁ పియాజే. 1923లో బాలల భాష మీదా, ఆలోచన మీదా తొలి గ్రంథం ప్రకటించిన ఈ స్విస్ శాస్త్రజ్ఞుడు చేసిన మేలు సామాన్యమైనది కాదు. పిల్లవాడు ఖాళీ కుండ కాడనీ, వాడి తప్పుకు కూడా ఒక తర్కం ఉంటుందనీ ఆయన చూపించాడు. బెత్తంతో బట్టీ పట్టించే చదువుకు ఇది గట్టి దెబ్బ. ఆయన లెక్క ప్రకారం ఏడు మొదలు పదకొండేళ్ల దాకా బాలలు కంటి ఎదుట ఉన్న వస్తువులనుబట్టే తర్కిస్తారు. నిష్పత్తివంటి అమూర్త భావాలు ఆ తరువాతనే అందుతాయి.

చిక్కు ఇక్కడే ఉంది. ఏ బాలలు? ఏ వస్తువులు?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సంకర పత్తివిత్తనాల చేలల్లో 1990లలోనూ, 2000ల తొలి ఏళ్లలోనూ పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. రేపు విచ్చుకోబోయే మొగ్గను నేడే గుర్తుపట్టాలి. సాయంత్రం కీలాగ్రం చెదరకుండా దాని రేకులూ, కేసరాలూ తీసివెయ్యాలి. మరునాటి ఉదయం మగపువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. గుర్తుపట్టటం, పోల్చటం, ముందుగా ఊహించటం: ఇవి ఆలోచన కావా? బడి పరీక్షలో ఆ పిల్ల తప్పితే “ఇంకా ఆ దశకు రాలేదు” అనటం శాస్త్రం కాదు. పేదరికాన్ని వయస్సు ఖాతాలో రాయటం.

అట్లాగని శ్రమే చదువు అనే వాదాన్నీ నేను ఒప్పుకోను. ఆ పిల్ల చేతికి పువ్వు తెలుసు. సంకర పత్తి గింజలనే దాచి మళ్లీ విత్తితే పైరు ఎందుకు ఒక్కతీరుగా రాదో, రైతు ఏటేటా కంపెనీ విత్తనం ఎందుకు కొనవలసివస్తుందో ఆ చేతికి తెలియదు. అందుకు మెండెల్ సూత్రం కావాలి. ఎన్ని వేల మొగ్గలు గిల్లినా అది దానంతటది రాదు.

సోవియట్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు వైగోట్‌స్కీ 1934లో వెలువడిన తన గ్రంథంలో ఈ ముడినే విప్పాడు. అనుభవంలో పుట్టే భావాలు వేరు, బోధనవల్ల వచ్చే శాస్త్రీయ భావాలు వేరు. రెండూ ఒకదానినొకటి అందుకున్నప్పుడే ఆలోచన ఎదుగుతుంది. కనుక బోధన వికాసం వెనక నడవకూడదు, ముందు నడవాలన్నాడు. 1936 పార్టీ తీర్మానం తరువాత ఈ గ్రంథం సోవియట్ దేశంలోనే 1956 దాకా పునర్ముద్రణకు నోచుకోలేదన్న సంగతి మనం దాచవలసిన పని లేదు.

ఆళ్లగడ్డ శిల్పుల విద్య ఈ మాటకు సాక్ష్యం. శిల్పశాస్త్రంలో ఉలితోపాటు తాళమానం ఉంది. ముఖం పొడవు ఒక తాళం. నవతాళ విగ్రహం జానెడున్నా, నిలువెత్తున్నా తొమ్మిది తాళాలే. పియాజే పై వయస్సుకు వాయిదా వేసిన నిష్పత్తి ఇక్కడ గురువు మాటతో, పనిలోనే అందుతుంది. ఐతే ఇది తరతరాలుగా తండ్రినుంచి కొడుకుకు వచ్చిన కులవిద్య. పత్తిచేలో పిల్లకు సూత్రం చెప్పే గురువు లేడు.

2025లో వెలువడిన ఒక పరిశోధన కలకత్తా, ఢిల్లీ అంగళ్లలో పనిచేసే పిల్లలను పరీక్షించింది. బేరంలో చిక్కులెక్కలు నోటితో చేసే ఈ పిల్లలు బడిలెక్కల దగ్గర తడబడ్డారు; బడిపిల్లలు అంగడిలెక్కల దగ్గర తడబడ్డారు. లోపం పిల్లల్లో లేదు, రెంటికీ వంతెన వెయ్యని చదువులో ఉంది.

2009 విద్యాహక్కు చట్టం ఆరునుంచి పద్నాలుగేళ్ల దాకా చదువును హక్కు చేసింది. కాని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ బడివేళల తరువాతా, సెలవుల్లోనూ పిల్లలు కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునన్నది. మొగ్గ గిల్లే వేళ సాయంత్రమేనని ఉపాధ్యాయ మిత్రులు గుర్తుంచుకోవాలి. పిల్ల ఏ దశలో ఉన్నదని రాసేముందు నిన్న సాయంత్రం ఎక్కడ ఉన్నదని అడగండి. ఆ తరువాత ఆమెకు తెలిసిన పువ్వుతోనే మెండెల్ పాఠం మొదలుపెట్టండి.