అడిగిన చోటును బట్టి జవాబు

చోడవరంలో ఉన్న తల్లి, డాలస్‌లో ఉన్న కూతురు ఒకే తెలుగు పత్రిక సైటు తెరిచారనుకుందాం. ఇద్దరూ టైపు చేసిన పేరు ఒకటే. అయినా తల్లి ఫోను హైదరాబాదు సర్వరుకు, కూతురి ఫోను వర్జీనియా సర్వరుకు వెళ్తాయి. పేజీ ఇంకా కదలకముందే, ‘ఈ పేరుకు అడ్రసేమిటి’ అన్న ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడే ఈ పంపకం జరిగిపోతుంది. జవాబిచ్చేది డీఎన్‌ఎస్. పాల్ మొకపెట్రిస్ 1983లో దాన్ని రూపొందించినప్పుడు అడిగేవాడు ఎక్కడున్నాడన్న పట్టింపు అందులో లేదు.

అమెజాన్ తన రూట్ 53 సేవలో ఆ పట్టింపును 2014లో చేర్చింది. పైకి చూస్తే అదొక పట్టిక: ఈ దేశం నుంచి అడిగితే ఈ అడ్రసు, ఆ ఖండం నుంచి అడిగితే ఆ అడ్రసు. పనితనమంతా వరుసలు ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడు తెలుస్తుంది. భారత్‌కు ఒక వరుస, ఆసియాకు ఒకటి, మిగతా లోకానికంతా ‘డిఫాల్ట్’ ఒకటి ఉంటే, చిన్న ప్రాంతానిదే చెల్లుబాటు. హైదరాబాదు సర్వరు పడిపోయిందని హెల్త్ చెక్ కనిపెడితే, చోడవరం పాఠకురాలికి ఆసియా అడ్రసు, అదీ లేకపోతే డిఫాల్ట్ అడ్రసు అందుతుంది. డిఫాల్ట్ రాయడం మరిచిన సైటుకు మాత్రం, ఏ వరుసలోకీ రాని పాఠకుడి విషయంలో జవాబే ఉండదు. ఈ కరకుదనం నాకు నచ్చింది. తెలియనప్పుడు ఏదో ఒక అడ్రసు చేతిలో పెట్టి పంపెయ్యదు.

అసలు చిక్కు వేరే ఉంది. రూట్ 53ను అడిగేది పాఠకురాలి ఫోను కాదు, ఆమె తరఫున అడిగే రిజాల్వరు. అది ముంబైలోనో సింగపూర్‌లోనో ఉంటే పాఠకురాలూ అక్కడే ఉన్నట్టు లెక్క. దీనికి దొరికిన మందు 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7871 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. రిజాల్వరు తన ప్రశ్నతోపాటు పాఠకురాలి ఐపీ అడ్రసులో ముందు భాగం జతచేస్తుంది. పాత తరహా ఐపీలో నాలుగు సంఖ్యల్లో మూడే పంపి, నాలుగోది దాచమని ఆ పత్రం సలహా. వీధి తెలుస్తుంది, ఇంటి నంబరు తెలియదు. జవాబులో ఇంకో సున్నితమైన ఏర్పాటు: ‘ఇది ఇంత మేర నెట్‌వర్కుకు వర్తిస్తుంది’ అన్న గుర్తు. దాన్ని చూసి రిజాల్వరు అదే జవాబును ఆ పరిధిలోని వాళ్లకే మళ్లీ ఇస్తుంది. గూగుల్ రిజాల్వరు 8.8.8.8 ఈ ముక్క పంపుతుంది, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 పాఠకుల గోప్యత కోసం పంపనంటుంది. నేను రెండో దాని పక్షం, కాస్త ఆలస్యమైనా సరే.

ఈ పట్టికలో అమెరికాకైతే రాష్ట్రాలవారీగా వరుసలు రాయొచ్చు, టెక్సస్‌కు ప్రత్యేకంగా ఒకటి పెట్టొచ్చు. మనకు మాత్రం దేశమంతా కలిపి ‘ఐఎన్’ ఒక్కటే. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖ జిల్లా వదిలి అనకాపల్లి జిల్లాలో చేరినా పట్టికకు దానితో పనిలేదు. అంతకంటే దగ్గరి లెక్క కావాలంటే జియోప్రాక్సిమిటీ అనే మరో పద్ధతి ఉంది. అది దేశం పేరు చూడదు, దూరం చూస్తుంది. చోడవరం నుంచి, అమెజాన్ 2016లో తెరిచిన ముంబై రీజియన్ (సర్వర్ల కేంద్రం) వెయ్యి కిలోమీటర్ల పైమాటే. 2022 నవంబరులో తెరిచిన హైదరాబాదు రీజియన్ ఐదువందలలోపు. కాబట్టి హైదరాబాదే గెలుస్తుంది. అక్కడ రద్దీ పెరిగితే ‘బయస్’ అనే అంకెను మైనస్ వైపు జరిపితే చాలు, ఆ సర్వరు పరిధి కుంచించుకుని అంచు ఊళ్లు ముంబైకి మళ్లుతాయి. సర్వరు అమెజాన్‌ది కాకపోయినా అక్షాంశ రేఖాంశాలు రెండు దశాంశాల వరకు రాసి ఈ లెక్కలో కలపొచ్చు.

గూగుల్ 2025 అక్టోబరులో విశాఖలో భారీ ఏఐ కేంద్రాన్ని ప్రకటించింది. అక్కడో, ఆ దరిదాపుల్లోనో ఎవరైనా సైట్ల సర్వర్లకు చోటిస్తే, పత్రిక యజమాని చేయాల్సింది ఆ అక్షాంశ రేఖాంశాలతో ఒక వరుస చేర్చడమే. జవాబు దాచుకునే గడువు (టీటీఎల్) అరవై సెకన్లని పెట్టి ఉంటే, పాత జవాబు దాచుకున్న రిజాల్వర్లు ఆ కాసేపూ పాఠకుల్ని హైదరాబాదుకే పంపుతుంటాయి.