శిక్ష పడింది, వేసిందెవరు?

మొన్న లింగాల ఘనపూర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ‘పనిష్’ అనే ఇంగ్లిష్ క్రియ చెబుతున్నాను. సొంత వాక్యం రాయమంటే ఓ అమ్మాయి ‘ఐ పనిష్‌డ్’ అని రాసి పెన్ను ఆపేసింది.

‘ఏం రాద్దామనుకున్నవమ్మా?’

‘నాకు శిక్ష పడ్డదని, సార్.’

తెలుగులో శిక్ష పడుతుంది. వాన పడ్డట్టు, పిడుగు పడ్డట్టు. దెబ్బలు పడతాయి, జరిమానా పడుతుంది. వేసిన చెయ్యి కనబడదు. ‘పనిష్’ అలా కాదు. దానికి వేసేవాళ్లు కావాలి, పడేవాళ్లు కావాలి. ‘ఐ పనిష్‌డ్’ అంటే నేనే ఎవరినో శిక్షించానని. పడ్డది నాకైతే మధ్యలో ‘వాజ్’ చేర్చాలి. ఏ తప్పుకో చెప్పాలంటే ‘ఫర్’, ఏ శిక్షో చెప్పాలంటే ‘విత్’.

అమ్మాయి దిద్దుకుంది: ‘ఐ వాజ్ పనిష్‌డ్ ఫర్ కమింగ్ లేట్.’ తర్వాత అడిగింది: ‘ఎవలు కొట్టిన్రో గూడ రాయాల్నా, సార్?’

‘రాయకున్నా నడుస్తది’ అన్నాను. వ్యాకరణం ప్రకారం అది నిజమే. కానీ ఆ మాట అన్నప్పటి నుంచి నాకు మనసున పట్టడం లేదు.

శిక్ష అంటే అసలు నేర్పడం. ఆరు వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రం పేరు శిక్ష. హిందీలో ఇప్పటికీ చదువే. 2001లో మొదలైన సర్వ శిక్షా అభియాన్ పేరు తెలుగు చెవికి అందరికీ దండన అన్నట్టే వినబడుతుంది. నేర్పడాన్ని ‘శిక్షణ’కు వదిలేసి, ‘శిక్ష’కు బెత్తం ఒక్కటే మిగిల్చాం. ‘వాడికి బుద్ధి చెప్పాలి’ అన్నప్పుడు కూడా మన మనసులో ఉండేది చెప్పడం కాదు.

‘పనిష్’ పుట్టుకలో చదువు లేదు. దాని లాటిన్ మూలానికి అర్థం చేసిన తప్పుకు చెల్లించే మూల్యం. ‘పెయిన్’, ‘పెనాల్టీ’ ఆ ఇంటి మాటలే. మనకు దానికి దగ్గరి చుట్టం దండుగ. ఒకప్పుడు విసునూరు దొర గడీ నడిచిన ఈ జనగామ ప్రాంతంలో దండుగ అంటే గతిలేక కట్టిన డబ్బు. ఇప్పుడు వృథా ఖర్చుకు ఆ పేరు మిగిలింది. ఆ కట్టినవాళ్ల ఉసురు ఆ మాటలో ఇంకా ఉందనిపిస్తుంది నాకు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ దాని 17వ సెక్షన్ నిషేధించింది. అంతకు ముందటి మాట చెబుతున్నాను. హోంవర్క్ చేయలేదని ఓ పిల్లాణ్ని ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టాను. కింద గులకరాళ్లు. వాడి వేళ్ల చివర్లు పత్తికాయ ముళ్లు గీరుకుపోయి ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులు తల్లితో పత్తి ఏరడానికి పోయాడని తర్వాత తెలిసింది. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. మధ్యాహ్నం తోటి టీచరు ‘వాడేంది ఎండల ఉన్నడు?’ అంటే, ‘శిక్ష పడ్డది’ అన్నాను.

‘పనిష్’ పాఠం చెప్పిన మర్నాడు ఆ అమ్మాయి నోటుపుస్తకం అడిగి తీసుకున్నాను. కొట్టేసిన మొదటి వాక్యం అలాగే ఉంది. దాన్ని బోర్డు మీద రాసి, పిల్లల ముందు నేను పూర్తి చేశాను: ‘ఐ పనిష్‌డ్ ఎ బాయ్ ఫర్ పికింగ్ కాటన్.’

‘ఎవలు సార్ ఆ ఐ?’ అని అడిగారు. చెప్పాను.