మూడు నోళ్లకు ఒక్క దొడ్డి

వర్ధన్నపేట, పర్వతగిరి వైపు చెలకల్లో కంప దొడ్డి కనిపిస్తే ఎండు ముళ్లు కుప్పేశారనుకుంటాం. దగ్గరికి పోతే తెలుస్తుంది పనితనం. సర్కారు తుమ్మ మండల మొదళ్లు లోపలికి, ముళ్ల కొసలు బయటికి. రాత్రి కుక్కలు మీద పడకుండా ఆ ఏర్పాటు. మండ మీద మండ పెనవేసుకునేలా పేర్చి, పంగల కర్రతో అదిమేస్తారు. ఒక మండను లాగితే చుట్టూ ఉన్నవన్నీ కదులుతాయి గానీ అదొక్కటి ఊడిరాదు.

బర్రె, మేక, గొర్రె మూడూ ఉన్న ఇంట్లో కంచెకు మూడు పరీక్షలు. బర్రె ఒళ్లు రుద్దుకుని గుంజను వాల్చేస్తుంది, అందుకే గుంజ లోతుగా దిగాలి. మేక ముందుకాళ్లెత్తి పైకి ఎగబాకుతుంది, అందుకే ఎత్తు కావాలి. గొర్రెకు అంత మొండితనం లేదు. అయితే ఒకటి సందులో దూరిందంటే మందంతా దాని వెనకే, అందుకే కింద సందు ఉండకూడదు.

మేపడంలోనూ ఇదే లెక్క. బర్రె పొడుగు గడ్డిని నాలుకతో చుట్టి తెంపుతుంది. గొర్రె చీలిన పై పెదవితో నేలకంటా కొరుకుతుంది. మేక చూపు గట్టు మీది రేగు, తుమ్మ ఆకు మీదే. బర్రెను ముందు వదిలి, గొర్రెలను తర్వాత తోలితే ఒకదాని మేత ఇంకొకటి లాక్కోదు. పైగా గొర్రెల కడుపులో పెరిగే నులిపురుగుల పిల్లలు చాలావరకు బర్రె కడుపులో బతకవు. మేకకు, గొర్రెకు మాత్రం పురుగులు ఒకటే. పొద్దున మంచు తడికి ఆ పిల్లలు గడ్డి కొసలకెక్కుతాయి కనుక మంచు ఆరాకే జీవాలను విప్పడం మంచిది.

కోతలయ్యాక పొలంలో మంద పెట్టించుకుని రైతు గొల్లకురుమలకు గింజలో, పైసలో ఇస్తాడు. రాత్రికింత చొప్పున మంద జరుపుతూ పోతే చెలకంతా ఎరువు పడుతుంది.

2017లో ప్రభుత్వం 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున పంచడం మొదలుపెట్టాక జీవాలు చాలా కొట్టాలకు చేరాయి. మూడింటినీ కలిపి సాకేవాళ్లకు ఒక హెచ్చరిక: రాగి కలిసిన బర్రెల దాణాను గొర్రెకు పెట్టొద్దు, దాని ఒంటికి రాగి ఎక్కువైతే విషమే. సందేహముంటే మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఇనుప జాలీ కొనేముందు మాత్రం ఊళ్లో ఒక కంప దొడ్డి దగ్గర ఓ పూట కూర్చోండి. ఏ జీవం ఎక్కడ తోస్తుందో అక్కడే తెలుస్తుంది.