జాక్ విప్పే ముందు

రిమోట్ నొక్కితే తెరుచుకునే గేట్లు తిరుపతిలో ఇప్పుడు వింత కాదు. కొత్త కాలనీల్లో వీధికి రెండు మూడు కనిపిస్తున్నాయి. గేటు రెక్కకు అడ్డంగా బిగించిన ఆ గొట్టాన్ని చూసినప్పుడల్లా నాకు మిద్దెల మీది పాత డిష్షులే గుర్తొస్తాయి. లోపల సరంజామా అదే మరి. ఓ చిన్న మోటరు, దాని వేగం తగ్గించే గేర్లు, పొడవాటి స్క్రూ రాడ్, దాని మీద నడిచే నట్టు. స్క్రూ తిరుగుతుంది. నట్టుకు తిరిగే వీలుండదు కాబట్టి ముందుకో వెనక్కో జరుగుతుంది. దాంతోపాటే లోపలి గొట్టం బయటికొస్తుంది, లోపలికి పోతుంది. కేటలాగుల్లో దీన్ని ఎలక్ట్రిక్ లీనియర్ యాక్చువేటర్ అని రాస్తారు. డిష్షుల కాలంలో వాటిని బాగుచేసే మేము జాక్ అనేవాళ్లం.

1991లో స్టార్ టీవీ వచ్చాక ఊళ్లలో డిష్షులు లేచాయి. చేతిలో డబ్బున్న కేబుల్ ఆపరేటరు ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో డిష్షు పెట్టుకున్నాడు. అంత స్తోమత లేనివాళ్లు, ఇంటిమీద సొంత డిష్షు ఉండాలని సరదాపడినవాళ్లు, ఒక్కదానికే 36 వోల్టుల జాక్ తగిలించి ఆకాశమంతా తిప్పుకున్నారు. తిరుపతి పదమూడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మన నడినెత్తికి దగ్గర్లో ఉన్న ఉపగ్రహాలకు గురిపెడితే డిష్షు మూకుడు పెట్టినట్టు ఆకాశం కేసే చూస్తుంది. ఢిల్లీలో అది బాగా వాలి ఉంటుంది, వాన నీళ్లు జారిపోతాయి. ఇక్కడ రేకు డిష్షుకు అడుగున బొక్క వెయ్యకపోతే నీళ్లు నిలుస్తాయి, ఆ బరువులో వాటా జాక్ మోయాలి. అది మోస్తుంది కూడా. స్క్రూ మరల వాలు బాగా తక్కువ కాబట్టి ఎంత తోసినా నట్టు వెనక్కి జారదు, కరెంటు లేకపోయినా డిష్షు పెట్టినచోటే నిలుస్తుంది.

బరువుకు చెడిన జాక్ నా చేతికి వచ్చింది తక్కువ. వచ్చినవన్నీ దాదాపు నీళ్లకు చెడినవే, లేదా కదలకుండా పడుండి బిగుసుకుపోయినవి. ఒకే చానల్ చూసే ఇంట్లో జాక్ ఏడాది పొడుగునా ఒకేచోట ఉంటుంది. రబ్బరు తొడుగు ఎండకు పగులుతుంది, కార్తీక మాసపు వాన లోపలికి దిగుతుంది, గ్రీజు తెల్లగా విరిగిపోతుంది. ఆ తర్వాత ఒకరోజు బటన్ నొక్కితే మోటరు మూలుగుతుంది, రాడ్డు మాత్రం కదలదు.

వెంటనే విప్పేయాలనిపిస్తుంది. విప్పొద్దు. ముందు డిష్షును తాడేసి కట్టాలి, జాక్ ఊడగానే అది గాలికి తిరుగుతుంది. క్లాంపు గొట్టాన్ని ఎక్కడ పట్టుకుందో సూదితో గీత గీయాలి. మూత తీస్తే నాలుగు తీగలు కనిపిస్తాయి. లావుగా ఉన్న రెండూ మోటరువి, సన్నవి రెండూ రీడ్ స్విచ్చివి. గేరుకు అంటించిన అయస్కాంతం దాన్ని దాటినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది, ఆ లెక్కల్ని బట్టే రిసీవరు ఏ ఉపగ్రహం ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. మోటరు కాసేపు తిరిగి ఆగిపోతోందంటే తప్పు చాలాసార్లు ఈ సన్న తీగల్లోనే ఉంటుంది. రెండు స్కూటరు బ్యాటరీలు వరసగా కలిపి లావు తీగలకు పెట్టి చూస్తే మోటరు సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది.

ఒకసారి మా కుర్రాడు, "మోటరు కాలిపోయుండాదన్నా, కొత్తది తెప్పిద్దాం" అన్నాడు. రాడ్డు చివరిదాకా పొడుచుకొచ్చి ఆగిపోయింది, ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "ఉండబ్బా, లిమిట్ స్విచ్చి పక్కన చూడు" అన్నాను. అక్కడ చిటికెన వేలి గోరంత డయోడు ఉంటుంది. చివరికొచ్చాక ముందుకు పోయే కరెంటును స్విచ్చి ఆపేస్తుంది, వెనక్కి రావడానికి దారి ఇచ్చేది ఆ డయోడే. అది పోతే రాడ్డు బయటే ఉండిపోతుంది. డయోడు ఖరీదు టీ ఖరీదు కన్నా తక్కువ.

ఇంకో సంగతి. జాక్ చివరి బోల్టు ఊడదీశాక ఆ రాడ్డును చేత్తో తిప్పకూడదు. తిప్పితే నట్టు స్క్రూ మీద జరిగిపోతుంది, లిమిట్ స్విచ్చిలకు ఆ సంగతి తెలియదు. తర్వాత కరెంటిస్తే నట్టు చివరి గోడను గుద్దుకునేదాకా పోతుంది. ఊడదీసిన రాడ్డు చేతికి ఆడుతూ ఉంటుంది కాబట్టి కుర్రాళ్లు తిప్పకుండా ఉండలేరు. అందుకే రాడ్డుకూ గొట్టానికీ కలిపి టేపు చుట్టమనేవాణ్ణి.

నిజంగా విప్పాల్సి వస్తే మోటరు తల బోల్టులు, సర్‌క్లిప్పు, బేరింగు, స్క్రూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వచ్చిన వరసలోనే గోనెపట్టా మీద పరుచుకోవాలి. పలచటి వాషరు ఒకటి గ్రీజులో అంటుకుని కనపడకుండా పోతుంది, దాని మీద ఓ కన్నుండాలి. తుప్పు కిరోసిన్‌లో నానితే వదులుతుంది. నట్టు మరలు అరిగి రెండు మూడు మిల్లీమీటర్లు ఆడుతోందా, ఇక దాన్ని కాపాడే పని పెట్టుకోకండి. డిష్షు ఒక డిగ్రీ తిరగడానికి రాడ్డు కదిలేదే అర సెంటీమీటరు. ఆ కాస్త వదులుకే గాలి వీచినప్పుడల్లా బొమ్మ మీద చుక్కలు పడేవి.

అన్నట్టు, స్టార్ టీవీని మనకు చూపించిన ఏషియాశాట్-1 కూడా బాగుచేసిన సరుకే. 1984 ఫిబ్రవరిలో వెస్టార్-6 అనే పేరుతో పైకి పోయి, రాకెట్ మోటరు సరిగా మండక తప్పుడు కక్ష్యలో చిక్కుకుంది. అదే ఏడాది నవంబరులో డిస్కవరీ వ్యోమగాములు దాన్ని పట్టి కిందికి తెచ్చారు. బాగుచేశాక చేతులు మారి 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్ మీద మళ్లీ ఎగిరింది. మరమ్మతు పని చిన్నపనిగా చూసేవాళ్లకు నేను ఈ కథ తప్పకుండా చెబుతాను.

జాక్ అక్కర్లేని యాంటెన్నా కూడా మన దగ్గరే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకిలోని ఎంఎస్‌టీ రాడార్‌కు 1,024 యాగీ యాంటెన్నాలు. ఒక్కటీ కదలదు. వాటికి వెళ్లే సంకేతాల ఫేజ్ మార్చి చూపును తిప్పుతారు. అరిగే నట్టు లేదు, ఆరిపోయే గ్రీజు లేదు. చూసి ఈర్ష్య పడ్డాను.

ఇప్పుడు జాక్‌లు మిద్దెలు దిగి గేట్లకు, వాలు కుర్చీలకు, ఆసుపత్రి మంచాలకు చేరాయి. "సీల్ చేసిన సరుకు, సర్వీసు అక్కర్లేదు" అని అమ్ముతున్నారు. ఆ మాట నేను నమ్మను. అయితే మంచం జాక్‌ను ఇంట్లో విప్పొద్దు, దాని మీద పడుకునేది మనిషి. మంచం కింద తీగ నలగకుండా చూసుకోండి, నీళ్లపైపుతో కడక్కండి, మిగతాది కంపెనీ మెకానిక్‌కు వదిలేయండి.

గేటు జాక్ సంగతి వేరు. మోటరు మూతకు అడుగున చిన్న బొక్క ఉంటుంది, లోపల చేరిన చెమ్మ కారిపోవడానికి. వాన పోతుందేమోనని దాన్ని ముద్దపెట్టి మూసేసేవాళ్లు చాలామంది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు ఆ బొక్కను ఓసారి చూడండి. మూసి ఉంటే సన్న తీగతో పొడిచి తెరవండి. వాడినా వాడకపోయినా గేటును వారానికోసారి చివరిదాకా తెరిచి మూయండి.