హిట్లర్ తక్కువగా ఉండే హిట్లర్ పాఠం

తొమ్మిదో తరగతిలో నాజీజం పాఠం మొదలుపెడితే చాలు, ఏటా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. “మన దేశానికీ ఒక హిట్లర్ కావాలి టీచర్, అప్పుడుగానీ బాగుపడదు.” అనేది అల్లరి పిల్లలు కాదు. హోంవర్కు వేళకు చేసేవాళ్లు, ప్రేయర్‌లో లైను సరిచేసేవాళ్లు. ఆ మాట వాళ్ల సొంతం కూడా కాదు. ఏదో ఆఫీసు వరండాలో ఒక్క సంతకం కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన తండ్రి, ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ అన్న మాట. అందుకే కోప్పడను.

అసలు మనవాళ్లకు ఆ పేరంటే భయం కన్నా చనువే ఎక్కువ. 1997లో చిరంజీవి సినిమాకు ఏకంగా ‘హిట్లర్’ అని పేరు పెట్టుకున్నాం. అందులో ఆ పిలుపు చెల్లెళ్లను కంటికి రెప్పలా కాచే అన్నయ్యది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచిన చోట ‘మైన్ కాంఫ్’ ఉంటుంది, దాని పక్కనే వ్యక్తిత్వ వికాసం పుస్తకాలుంటాయి. ఇన్ని చూసి బడికొచ్చిన పిల్లవాడికి నేను ఆ మీసం బొమ్మ మరోసారి చూపించి ‘ఇతను చెడ్డవాడు’ అంటే నష్టపోయేది నేనే. ఆ మనిషికి తెరమీద కనిపించడం బాగా తెలుసు. అందుకే నా పాఠంలో అతన్ని వీలైనంత తక్కువగా కనిపించనిస్తాను. ప్రసంగాల వీడియోలు వేయను, బాల్యం చెప్పను, బొమ్మలు వేసే కాలేజీలో సీటు రాలేదన్న కథ చెప్పను. చెప్పేది ఓట్ల లెక్క, తేదీలు, చేతులెత్తినవాళ్ల సంగతి.

ముందు ఓట్లు. 1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చింది 2.6 శాతం. 1930లో 18.3. 1932 జులైలో 37.3. అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ ఎన్నికలొస్తే 33.1కి దిగింది. ఈ నాలుగు అంకెలూ బోర్డు మీద రాసి పిల్లల్ని కాసేపు చూడమంటాను. గైడ్లలో ‘హిట్లర్ అధికారంలోకి రావడానికి కారణాలు’ అని నాలుగు మార్కుల జవాబు ఉంటుంది: వెర్సైల్స్ సంధి, ద్రవ్యోల్బణం, ఆర్థిక మాంద్యం, ఆయన వాక్చాతుర్యం. ద్రవ్యోల్బణం పిల్లలకు మహా ఇష్టం, రొట్టె కొనడానికి బుట్టలో నోట్లు మోసుకెళ్లే కథ ఉంది కదా. కానీ ఆ నోట్ల బుట్టలు 1923 నాటివి. ఐదేళ్ల తర్వాత, అంతా కుదుటపడ్డాక, 1928లో ఈ పార్టీని నూటికి ముగ్గురు కూడా పట్టించుకోలేదు. మరి రెండేళ్లలో ఏమైంది? 1929 చివర్లో అమెరికాలో షేర్ మార్కెట్ కూలింది, జర్మనీకి వచ్చే అప్పులు ఆగాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1932 నాటికి పని లేనివాళ్లు దాదాపు 60 లక్షలు. ప్రభుత్వమేమో ఖర్చులు తగ్గించుకుంటూ పోయింది. పార్లమెంటులో మెజారిటీ కుదరక, రాజ్యాంగంలోని 48వ అధికరణం పట్టుకుని అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అత్యవసర ఆర్డర్ల మీద బండి నడిపాడు. పార్లమెంటు లేకుండా పాలించడం జర్మనీకి హిట్లర్ రాకముందే అలవాటైందన్నమాట. ఈ ముక్క గైడ్లో ఉండదు.

ఇంకోటి గమనించమంటాను. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ ఆ పార్టీకి సగం ఓట్లు రాలేదు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయింది గెలిచి కాదు, హిండెన్‌బర్గ్ నియమిస్తే. అదీ ఓట్లు తగ్గుతున్న సమయంలో. ఫాన్ పాపెన్ లాంటి పెద్దమనుషులు ‘మన చేతిలో ఉంటాడులే’ అనుకున్నారు. ఆ మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే.

ఇక్కడి నుంచి బోర్డు మీద 1933 క్యాలెండర్ గీస్తాను. దీనికి పీరియడ్ మొత్తం పట్టినా పట్టించుకోను. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ఆర్డర్: మాట్లాడే హక్కు, పత్రికలు, సభలు, ఉత్తరాల గోప్యత అన్నీ రద్దు. మార్చి 5న ఎన్నికలు. ఇన్ని చేసినా, వీధుల్లో కొట్టి భయపెట్టినా, నాజీలకు వచ్చింది 43.9 శాతమే. మార్చి 22న డాఖౌలో నిర్బంధ క్యాంపు తెరిచారు. మార్చి 23న ‘ఎనేబ్లింగ్ యాక్ట్’, అంటే పార్లమెంటును అడగకుండా మంత్రివర్గమే చట్టాలు చేసుకునే చట్టం. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కరణ. ఏప్రిల్ 7న ప్రభుత్వ ఉద్యోగాల నుంచి యూదుల తొలగింపుకు చట్టం. మే 2న కార్మిక సంఘాల ఆఫీసుల స్వాధీనం. మే 10న పుస్తకాల దహనం. జులై 14న దేశంలో ఒకే పార్టీ ఉండాలని చట్టం. మొత్తం ఐదున్నర నెలలు. మన బళ్లు జూన్‌లో తెరిస్తే ఎస్‌ఏ-1 పేపర్లు దిద్ది ఇచ్చేలోపు ఒక దేశం అంతా మారిపోయింది.

‘మొదట బాగానే పాలించాడు, తర్వాత చెడ్డాడు’ అనే పిల్లలకు ఆ మార్చి 22, 23 గళ్లు పక్కపక్కనే చూపిస్తే చాలు. క్యాంపు తర్వాతెప్పుడో రాలేదు. చట్టం కన్నా ఒకరోజు ముందే వచ్చింది.

మార్చి 23 దగ్గర ఆగి లెక్క చేయిస్తాను. మొత్తం సీట్లు 647. నాజీలకు 288, వాళ్ల మిత్రపక్షానికి 52, కలిపితే 340. రాజ్యాంగం మార్చాలంటే మూడింట రెండొంతులు కావాలి. కమ్యూనిస్టులు 81 మంది గెలిచారు, ఒక్కరినీ లోపలికి రానివ్వలేదు. సోషల్ డెమోక్రాట్లు 120 మందిలో కొందరు అప్పటికే జైల్లో, కొందరు దేశం దాటిపోయారు. వచ్చినవాళ్లు 94. భవనం కాలిపోయింది కాబట్టి క్రోల్ ఒపేరా హౌస్‌లో సభ. హాలు నిండా గోధుమ చొక్కాల దళాలు. ఒట్టో వెల్స్ అనే నాయకుడు లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు, ఆయన పార్టీ వాళ్లు 94 మందీ వద్దన్నారు. అవునన్నవాళ్లు 444.

ఇప్పుడు పిల్లల్ని అడుగుతాను: జైల్లో ఉన్నవాళ్లు, పారిపోయినవాళ్లు, తలుపు బయట ఆపినవాళ్లు అందరూ వచ్చి వద్దని ఓటేసి ఉంటే? క్లాసంతా ఒక్క గొంతుతో ‘ఆగిపోయేది’ అంటుంది. లెక్క చేయండి అంటాను. 647లో మూడింట రెండొంతులంటే 432. అవునన్నవి 444. ఎవరు లోపల ఉన్నా ఎవరు బయట ఉన్నా చట్టం గట్టెక్కేది. మరి 340కీ 444కీ మధ్య ఉన్న ఆ వందకు పైగా చేతులు ఎవరివి? నాజీలవి కావు. ఎక్కువ భాగం క్యాథలిక్ సెంటర్ పార్టీవి, మిగతావి చిన్నాచితకా పార్టీలవి. సెంటర్ పార్టీ నాయకుడు కాస్‌కు ‘మీ మతసంస్థల జోలికి రాను, కాగితం రాసిస్తాను’ అని మాటిచ్చారు. ఆ కాగితం రానేలేదు. ఓటు మాత్రం పడింది.

ఒక్కోసారి వెనక బెంచీ నుంచి “పాపం, భయపడ్డారేమో టీచర్” అని వినిపిస్తుంది. భయపడ్డారు, నిజమే. ఆ 94 మందికీ అదే హాలు, అవే దళాలు.

రోడ్ల సంగతి తప్పకుండా వస్తుంది. జర్మనీకి హైవేలు ఇచ్చింది అతనే కదా అని. కొలోన్ నుంచి బాన్‌కు అలాంటి రోడ్డు 1932లోనే, అతను రాకముందే తెరిచారు. తెరిచింది అప్పటి కొలోన్ మేయర్ ఆడెనావర్, యుద్ధం తర్వాత దేశానికి ఛాన్సలర్ అయిన మనిషే. ఉద్యోగాల్లో చాలా భాగం ఆయుధాల తయారీ, సైన్యంలో చేరిక. ఇంకెక్కువ చెప్పను.

నాజీల చదువు గురించి మాత్రం చెప్తాను, నాది అదే వృత్తి కాబట్టి. అక్కడి లెక్కల పుస్తకంలో ఒక లెక్క ఉండేది: మానసిక రోగుల ఆసుపత్రి కట్టడానికి ఇంత ఖర్చు, ఒక ఇల్లు కట్టడానికి ఇంత, ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లొస్తాయి? భాగాహారం తప్ప ఇంకేమీ లేదు. 1939 నుంచి ఆ రోగులను ప్రభుత్వమే చంపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత హతమార్చిన యూదులు 60 లక్షలు. ఆ లెక్క నేర్పింది ఎవరో రాక్షసులు కాదు, నాలాంటి టీచర్లు. 1937 నాటికి నూటికి 97 మంది టీచర్లు నాజీ ఉపాధ్యాయ సంఘంలో సభ్యులు. ఇటలీలో 1931లో యూనివర్సిటీ ప్రొఫెసర్లను ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చేయమంటే, సుమారు 1,200 మందిలో కాదన్నది పన్నెండు మంది.

1967లో అమెరికాలో, పాలో ఆల్టోలోని కబర్లీ హైస్కూల్లో రాన్ జోన్స్ అనే చరిత్ర టీచర్ ఇంకో దారి పట్టాడు. ‘జర్మన్లు ఎలా ఊరుకున్నారు?’ అని పిల్లలు అడిగితే, క్లాసునే ఒక ఉద్యమంగా మార్చి, సెల్యూట్లు, నినాదాలు పెట్టి, వారం తిరక్కుండానే వాళ్లను అందులో ముంచేశాడు. తర్వాత సినిమాలొచ్చాయి, ట్రైనింగుల్లో దాన్ని గొప్పగా చెప్తారు. నాకు నచ్చదు. పిల్లల్ని మోసం చేసి నేర్పే పాఠం అది. పైగా మన బళ్లలో ఆ ప్రయోగం దండగ. ఈల వేస్తే లేవడం, బెల్లు కొడితే కూర్చోవడం, ‘ఎందుకు’ అనకపోవడం మనవాళ్లకు ఎల్‌కేజీ నుంచే వచ్చు. కొత్తగా నేర్పాల్సింది లెక్క అడగడం.

అసలు కష్టమైన ప్రశ్న ఇవేవీ కావు. “నేతాజీ హిట్లర్‌ను కలిశారు కదా టీచర్, చెడ్డవాడైతే ఎందుకు కలుస్తారు?” చాలామంది టీచర్లు దీన్ని దాటేస్తారు. నేతాజీని ఏమన్నా అంటే ఊళ్లో మాటొస్తుందని భయం. నేను దాటేయను, నలుగురిని వరుసగా నిలబెడతాను. ఠాగూర్ 1926లో ముస్సోలినీ అతిథిగా ఇటలీ వెళ్లారు, మర్యాదలకు మురిసి మంచి మాటలూ అన్నారు. దేశం దాటాక ఫ్రెంచి రచయిత రొమా రోలా, ఇటలీ నుంచి వచ్చేసినవాళ్లు అసలు సంగతి చెప్పారు. అప్పుడు ఫాసిజాన్ని ఖండిస్తూ ఇంగ్లండ్ పత్రికకు రాశారు. గాంధీజీ 1931 డిసెంబర్‌లో రోమ్‌లో ముస్సోలినీని కలిశారు. హిట్లర్‌కు రెండు ఉత్తరాలు రాశారు, బ్రిటిష్ ప్రభుత్వం వాటిని చేరనివ్వలేదు. నెహ్రూ 1936లో, భార్య పోయిన దుఃఖంలో తిరిగొస్తూ రోమ్‌లో ఆగితే ముస్సోలినీ రమ్మని కబురు పెట్టాడు. వెళ్లలేదు. బోస్ 1942 మే నెలలో హిట్లర్‌ను కలిశారు, స్వాతంత్ర్యానికి సాయం కోసం. ఆశించింది దొరకలేదు. మరుసటి ఏడాది జలాంతర్గామిలో జపాన్ వైపు బయల్దేరారు, వెంట మన హైదరాబాదీ ఆబిద్ హసన్. నలుగురూ మనకు గొప్పవాళ్లే, నలుగురూ నలుగురిలా ప్రవర్తించారు. గొప్పవాళ్లు కలిసినంత మాత్రాన నియంత మంచివాడైపోడని, నియంతను కలిసినంత మాత్రాన దేశభక్తుడు చిన్నవాడైపోడని పిల్లలే తేలుస్తారు. బోస్ చేసింది సరైనదేనా అన్న దగ్గర మాత్రం క్లాసు రెండుగా చీలుతుంది. చీలనిస్తాను.

తర్వాత యుద్ధం. ఇక్కడ స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ మ్యాపులో పెట్టించడంతో సరిపెడతాను. ఎక్కువసేపు ఆగేది 1939 సెప్టెంబర్ 3 దగ్గర. ఆ రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. మనవాళ్లెవరినీ అడగలేదు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ ప్రభుత్వంతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ దిగిపోయాయి. అయినా 25 లక్షల మంది సైన్యంలో చేరారు. 1943లో బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది పోయారు. ఒకసారి ఒక అమ్మాయి అడిగింది: “అక్కడ నియంత మీద యుద్ధం చేస్తూ ఇక్కడ వాళ్లు చేసిందేంటి టీచర్?” నేను నోరు తెరిచేలోపే పక్క బెంచీ పిల్లాడు, “చర్చిల్‌ను వాళ్లు 1945లో ఓటేసి దించేశారు, మనకా ఓటే లేదు” అన్నాడు. ఆ అమ్మాయి ఊరుకోలేదు: “అయితే మనకు ఆయనేంటి మరి?”

మా ఉత్తరాంధ్ర పిల్లలకు ఆ యుద్ధం యూరప్‌లో జరిగింది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకు ముందే, 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద వేశాయి. ఇక్కడి ముసలివాళ్లు దాన్ని ‘రంగం’ అంటారు. అప్పట్లో ఆ ఊళ్లో సగానికి పైగా మనదేశం వాళ్లే. వాళ్లలో రేవుల్లో మూటలు మోసే తెలుగువాళ్లు లెక్కలేనంత మంది. బాంబులు పడ్డాక లక్షల మంది కొండలు, అడవులు దాటుకుంటూ అస్సాం వైపు, చిట్టగాంగ్ వైపు నడిచారు. కలరాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. మంచి దారులు, బండ్లు తెల్లవాళ్లకు ముందు దక్కాయని అప్పుడే గొడవ జరిగింది.

పాఠ్యపుస్తకంలో ఇది లేదు, ఉంటుందని ఎదురుచూడటమూ లేదు. ఈసారి ప్రాజెక్టు వర్క్ కింద ఇచ్చాను: మీ ఇంట్లో, వీధిలో ఎవరి తాతో ముత్తాతో రంగం వెళ్లారా, ఏ పనికి వెళ్లారు, ఏ దారిన తిరిగొచ్చారు, రానివాళ్లెవరు. నెట్ సెంటర్లో తీయించే రంగుల ప్రింటవుట్లు తీసుకోనని ముందే చెప్పాను. అరపేజీ చాలు, చెప్పినవాళ్ల పేరు, వాళ్లకెవరు చెప్పారన్నదీ కింద రాయాలి. ఎవరూ వెళ్లలేదంటే అదీ రాసుకురావచ్చు, కానీ ఎంతమందిని అడిగి ఆ మాట రాశారో చెప్పాలి.