తనకు తాను పైలం

'నిన్ను నువ్వు ప్రేమించుకో', 'నీకోసం రోజుకో గంట కేటాయించుకో' అనే సలహాలు ఇప్పుడు ఆదివారం అనుబంధాల్లోనూ, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోనూ విరివిగా కనిపిస్తున్నాయి. సెల్ఫ్ కేర్‌ని 'స్వీయ సంరక్షణ' అని తెలుగు కూడా చేశారు. ఈ సలహాలు తప్పని నేననను. కానీ ఆ గంటని ఎవరి దగ్గర్నుంచి తీసుకోవాలో మాత్రం అవి చెప్పవు. మన కథకురాళ్ళు ఈ ప్రశ్నని చాలా ముందే వేశారు. ఇప్పుడు వాళ్ళని మళ్ళీ చదవాలనిపిస్తోంది.

అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం'లో ఇల్లాలు కోరుకున్నది నగలూ కాదు, ఆస్తీ కాదు. కంటినిండా నిద్ర. ఆ కాస్త నిద్రకీ ఎవరో ఒకరి అవసరం అడ్డొస్తూనే ఉంటుంది. ఛాయాదేవి ఎక్కడా గొంతు పెంచరు. నిద్రలాంటి శరీర ధర్మం కూడా ఇంట్లో అధికారాన్ని బట్టే పంపిణీ అవుతుందని చూపించి ఊరుకుంటారు. పి.సత్యవతి 'ఇల్లలకగానే'లో గృహిణి ఏకంగా తన పేరే మరిచిపోతుంది. ఆ పేరు ఆమెకి కళ్ళు మూసుకుని కూర్చుంటే దొరకలేదు. పాత స్నేహితురాలి నోట దొరికింది. ఆ కథలో నన్ను పట్టి నిలిపింది ఈ విషయమే. మనల్ని మనం కాపాడుకోవాలంటే మనల్ని గుర్తుపెట్టుకున్న మరో స్త్రీ కూడా కావాలి.

నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ క్యాన్సర్‌తో బతుకుతూ రాసిన 'ఎ బరస్ట్ ఆఫ్ లైట్' 1988లో వచ్చింది. తన్ను తాను చూసుకోవటం రాజకీయ చర్య అని ఆమె అందులో అన్నారు. ఈ సమాజం ఎవరు బతక్కపోయినా ఫరవాలేదనుకుంటుందో, వాళ్ళు పట్టుబట్టి బతకటం గురించి ఆమె మాట్లాడారు. మన దగ్గర స్త్రీశక్తి సంఘటన 1990ల మొదట్లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' కూడా ఆ కోవలోదే. మన శరీరం గురించి మనమే కలిసి కూర్చుని తెలుసుకోవటం అందులో మొదటి మెట్టు. ఇలా సమష్టిగా మొదలైన ఆలోచన మార్కెట్ చేతిలో పడి ఒంటరి ఆడవాళ్ళు కొనుక్కునే సరుకుగా మారిపోయింది.

ఈ మార్పు నాకు రోజూ కళ్ళముందే కనిపిస్తుంది. పీహెచ్‌డీ అయ్యాక నాలుగేళ్ళుగా మెహదీపట్నం నుంచి చేవెళ్ళ వైపు బస్సులో వెళ్ళి పాఠాలు చెప్పి వస్తున్నాను. జంట జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. అయినా మొయినాబాద్ చుట్టుపక్కల ఫాంహౌస్‌లు, రిసార్టులు వెలిశాయి. నగరంలో అలిసిపోయిన వాళ్ళకి అక్కడ ప్రశాంతత అమ్ముతారు. అదే దారిలో పూలతోటల్లో, కూరగాయల చేలల్లో పొద్దున్నే వంగి పనిచేసే ఆడవాళ్ళు కనిపిస్తారు. ఒకరి విశ్రాంతికి కావలసిన పూలూ, ఊడ్చిన గదులూ, ఉతికిన దుప్పట్లూ మరొకరి నడుం నొప్పిలోంచి వస్తాయి.

ఆ ఆడవాళ్ళ భాషలో స్వీయ సంరక్షణ లేదు. రంది ఉంది, మనాది ఉంది. మనసులో తొలిచే దిగులు రంది. అది లోపలే గూడు కట్టుకుని మనిషిని తినేస్తే మనాది. మన సైకాలజీ అనువాదాలు ఈ మాటల్ని ఎందుకు పట్టించుకోలేదో ఆలోచించాలి. ఇంకో మాట 'పైలం'. 'పైలం బిడ్డా' అని పిల్లలకి చెప్తారు, ఊరెళ్ళే మొగుడికి చెప్తారు. తనకి తాను పైలం అని చెప్పుకున్న స్త్రీ నాకింతవరకు తారసపడలేదు. ఓసారి బస్సులో పక్క సీటామెని అడిగితే, "మనకు మనం చెప్పుకుంటమా అమ్మా, నువ్వు నాకు చెప్పాలె, నేను నీకు చెప్పాలె" అంది. సత్యవతి కథకి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

నా సంగతీ చెప్పాలి. గంటల లెక్కన జీతం, వచ్చే ఏడాది పని ఉంటుందో ఉండదో తెలియదు. నెలల తరబడి నిద్ర పట్టలేదు. డాక్టరు మందులిచ్చి, యోగా కూడా చెయ్యమన్నారు. రెండూ మేలే చేశాయి. కానీ యోగా చాప చుట్టేసి లేచేసరికి పొయ్యి దగ్గర పని అలాగే ఉంది. ఇది నా ఒక్కదాని గోడు కాదు. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలే వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 299, 97. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. మనకి చెప్పే 'రోజుకో గంట' ఇరుక్కుపోయింది ఈ తేడాలోనే.

అయితే ఛాయాదేవి, సత్యవతి కథల పరిధి గురించి కూడా మాట్లాడుకోవాలి. వాళ్ళ నాయికల అలసట నాలుగు గోడల మధ్యది. ఇంటిపనితోపాటు కూలిపని కూడా చేసే స్త్రీ అలసట అందులో ఇమడదు. ఆ ఖాళీని గోగు శ్యామల కథలు నింపాయి. చేవెళ్ళ మీదుగా వెళ్ళే తాండూరు బస్సెక్కితే ఆమె కథల ఊళ్ళే వస్తాయి. ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయమన్న సామెతని శీర్షికగా పెట్టుకున్న కథలో తండ్రి లేనప్పుడు పిల్లల్ని ఈడ్చుకొచ్చేది తల్లి రెక్కల కష్టమే. ఆ తల్లికి 'నీకోసం ఒక గంట' అని సలహా ఇవ్వటం ఎంత క్రూరంగా ఉంటుందో ఆ కథ చదివితే అర్థమవుతుంది. ఆమెకి కావలసింది న్యాయమైన కూలి, భూమి, పక్కనున్న మనిషి ఆసరా.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఈ దారిలో ఒక మార్పు చూశాను. పనికి వెళ్ళేవాళ్ళే కాదు, అక్కని చూడటానికో, చిలుకూరు గుడికో, ఊరికేనో బయల్దేరిన వాళ్ళు కూడా బస్సెక్కుతున్నారు. ఆ 'ఊరికేనే' ప్రయాణాన్ని ఎగతాళి చేసిన వాళ్ళున్నారు. పని మీద తప్ప గడప దాటని స్త్రీకి మానసిక ఆరోగ్యం మొదలయ్యేది ఆ ప్రయాణంతోనే అని నేనంటాను. మొగుణ్ణి డబ్బులడగకుండా దొరికిన కదలిక అది.

అందుకే మన రచయిత్రులకి నాదొక విన్నపం. సలహాల పుస్తకాలు చాలినన్ని ఉన్నాయి. రంది గురించి, మనాది గురించి, పంచుకోని ఇంటిపని గురించి కథలు రాయండి. ఒకరికొకరు పైలం చెప్పుకునే ఆడవాళ్ళ గురించి రాయండి.