వచ్చిన విలువే రాయండి

బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నాకు బాగా ఇష్టమైనది ఫాస్ఫరస్‌ను లెక్కగట్టే ప్రయోగం. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ ద్రావణం, క్షయకరణి వరసగా కలిపి కాసేపు ఆగితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఈ పద్ధతిని రూపొందించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆ తర్వాత జరిగింది నా తరగతి పిల్లలకు తప్పకుండా చెబుతాను. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు రావలసినంత త్వరగా రాలేదు. రసాయనాలు పాడయ్యాయని పారబోస్తే కథ అక్కడితో ముగిసేది. వాళ్లిద్దరూ కారణం వెతికారు. కండరంలోని ఫాస్ఫేట్‌లో చాలాభాగం క్రియాటిన్‌తో జతకట్టి ఉందనీ, ఆమ్లంలో ఆ జత మెల్లగా విడిపోతోందనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే తగ్గుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అందరూ నమ్ముతున్న 1927లో ఈ సంగతి బయటపడింది. రెండేళ్లకు వాళ్లు కణాల్లో శక్తిని మోసే ఏటీపీ అణువును కూడా వేరుచేశారు. మన ఒంట్లో శక్తి ఎలా చేతులు మారుతుందో అర్థమవడానికి అలా దారి పడింది.

అర్థమైన అణువును మార్చవచ్చు కూడా. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణం డీఎన్‌ఏ కట్టుకోవాలంటే ఈ విటమిన్ కావాలి. ఆ అణువులో ఒకచోట ఆక్సిజన్ బదులు అమైనో సమూహాన్ని పెడితే అమైనోప్టెరిన్ అవుతుంది. అసలు విటమిన్‌ను అందుకోవలసిన ఎంజైమ్ దీన్ని గట్టిగా పట్టుకుని పని ఆపేస్తుంది. కణ విభజన నిలిచిపోతుంది. ఈ మందును వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తకేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ మెరుగుదల తాత్కాలికమే. అయినా పిల్లల్లో వచ్చే ఆ రక్తకేన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని అప్పుడే తెలిసింది. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ కేన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు.

జీవరహస్యమంటే ఏదో అంతుపట్టనిదని విద్యార్థులు జంకుతారు. ఒక అణువు దగ్గర నిలబడి ఓపికగా కొలిస్తే అది కొంచెం కొంచెంగా తెలుస్తుందని నా నమ్మకం. అందుకే చాలా కాలేజీల్లో ప్రాక్టికల్స్ అంటే పాత రికార్డు చూసి కొత్త రికార్డు నింపడంగా మారిపోవడం నన్ను బాధిస్తుంది. అలా నింపిన అంకెల్లో కొత్త ప్రశ్న పుట్టదు. తోటి అధ్యాపకులకు నా మనవి ఇదే: ప్రతి విద్యార్థి చేతికీ పిపెట్ ఇవ్వండి. పుస్తకంలో ఉన్న విలువ రాకపోతే మార్కులు కోయకండి. వచ్చిన విలువనే రాయించి, ఎందుకలా వచ్చిందో వాళ్లనే వెతకమనండి.